సంధి అంటే లోపం కాదు
(ఆలయ ప్రాంగణంలో జరిగిన ఉపాధ్యాయ సత్కార సభలో చేసిన ప్రసంగం)



శ్రీ జనార్దనస్వామి సన్నిధిలో ఉపాధ్యాయులను గురించి ప్రసంగించమని ధర్మకర్తలు ఆదేశించారు. శాంతమూర్తి అని పేరుపడిన ఉపాధ్యాయుని గురించి మాత్రమే మనవి చేస్తాను. ప్రతి పాఠశాలలోనూ అట్టివారు ఒకరిద్దరుంటారు. టైంటేబుల్ దగ్గర గణితం వారికీ తెలుగు వారికీ మాటపట్టింపు వస్తే, తన అనుకూలమైన పీరియడును వదులుకొని ఇద్దరినీ చల్లబరుస్తారు. సెలవు పెట్టినవారి తరగతులు వారికే. ఎవరూ పూనుకోని బాధ్యతా వారికే. ‘ఆయన ఏమీ అనుకోరు’ అంటారు తక్కినవారు. అనుకుంటారు, అనరు. ఏళ్ల తరబడి అనని మాట ఒకనాడు బదిలీ దరఖాస్తుగా బయటపడుతుంది.

సంధి శబ్దానికి మన శాస్త్రాలలో రెండర్థాలు ప్రసిద్ధం. రాజనీతిలో షాడ్గుణ్యంలో మొదటిది సంధి, అనగా పగ మాని పొత్తు కుదుర్చుకోవడం. వ్యాకరణంలో వర్ణాల కలయిక. తెలుగులో ‘రాముడు’, ‘అతడు’ కలిస్తే ‘రాముడతడు’ అవుతుంది. మొదటి పదంలోని ఉకారం పూర్తిగా లోపిస్తుంది. సంస్కృతంలో ‘దేవ’, ‘ఇంద్ర’ కలిస్తే ‘దేవేంద్ర’. అక్కడ అకారమూ మిగలదు, ఇకారమూ మిగలదు. రెంటికీ చెందిన ఏకారం పుడుతుంది. మన శాంతమూర్తులు చేసేది చాలావరకు మొదటి రకం. కలహం అణగుతుంది, వారి అభిప్రాయం లోపిస్తుంది. రెండవ రకం కుదరాలంటే వారు తమ అచ్చును ముందు పలకాలి కదా!

పాణిని మరొకటి కూడా విధించాడు. ద్వివచనంలోని కొన్ని అచ్చులకు ప్రగృహ్యమని పేరు. వాటికి సంధి చేయరాదు. ‘హరీ ఏతౌ’ అన్నది ఎన్నటికీ ‘హరీ ఏతౌ’గానే నిలుస్తుంది. రాని మార్కులు వచ్చినట్లు చూపమన్నా, ఒక పేద బాలుణ్ణి తరగతిలో కులం పేరెత్తి అవమానించినా, అక్కడ సర్దుబాటు చేయబోవడం అపశబ్దమే.

ఇంతమాత్రాన శాంతస్వభావాన్ని తక్కువ చేయడం లేదు. అది ఎక్కడ రాణిస్తుందో ఉద్యోగపర్వంలో చూడవచ్చు. శ్రీకృష్ణుడు రాయబారిగా హస్తినకు వెళ్లి నేరుగా సభలో ప్రవేశించలేదు. ధృతరాష్ట్రుణ్ణి దర్శించాడు. విదురుని ఇంటికి వెళ్లాడు. కుంతి దుఃఖం విన్నాడు. దుర్యోధనుని మందిరంలోనూ అడుగుపెట్టాడు. మర్నాడు సభలో నోరు విప్పేసరికి ఎవరి మనసు ఎక్కడున్నదో ఆయనకు తెలుసు. స్కూలు కాంప్లెక్సు సమావేశానికి ముందు ఒక్కొక్కరి దగ్గర కూర్చుని వినే ఈ పనిని శాంతమూర్తి చేసినంత చక్కగా మరొకరు చేయలేరు. కోపిష్ఠి అడిగితే వాదన వస్తుంది. ఈయన అడిగితే మనసులోని మాట వస్తుంది.

అయితే ఆ రాయబారే దుర్యోధనుని విందును నిరాకరించాడు. దూత పని నెరవేరిన పిమ్మటనే భుజిస్తాడన్నాడు. ఇంకా గుచ్చి అడిగితే, నీ యందు ప్రీతి లేదు, నాకు ఆపదా లేదు, ఎందుకు తినాలని ముఖం మీదే చెప్పి విదురుని ఇంట భుజించాడు. సంధి కోరి వచ్చినవాడే ఆ మాట అన్నాడు. రాయబారం ఫలించలేదు గదా అంటారేమో. ఫలించలేదు, నిజమే. కాదన్నది ఎవరో మాత్రం లోకానికంతటికీ తెలిసింది.

ప్రధానోపాధ్యాయులకు ఒక విన్నపం. ఇట్టివారు చేసే పని రిజిస్టరుకెక్కదు. కనుక మీరే నలుగురిలో పేరెత్తి చెప్పాలి. పక్కనున్న రాజమహేంద్రవరంలో నన్నయభట్టు భారతాన్ని తెనిగించినప్పుడు సహాధ్యాయి నారాయణభట్టు తోడుపడ్డాడు. నన్నయ ఆ సంగతి దాచలేదు. భారతయుద్ధంలో అర్జునునికి కృష్ణుడెట్లో తనకు అతడట్లని గ్రంథారంభంలోనే చెప్పుకొన్నాడు. రథం తోలినవానితో పోల్చడం గమనించండి! రాజరాజ నరేంద్రుడు 1053లో నందంపూడిని అగ్రహారంగా ఇచ్చినది ఆ నారాయణభట్టుకే. ఆ దానశాసనాన్ని రచించినవాడు నన్నయభట్టు.