మన కంప్యూటర్లోకి వచ్చే సాఫ్ట్‌వేర్ ఎవరి చేతుల మీదుగా వస్తోంది?

(స్వర్ణోత్సవ సభల్లో విద్యార్థులను, పూర్వ విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



"కంప్యూటర్ల గురించి పిల్లలకు పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అని సంఘం వారు అడిగారు. ఇరవై ఏళ్లకు పైగా లినక్స్ సర్వర్ల మీద పనిచేస్తున్నవాణ్ని కాబట్టి, రోజూ నా చేతిలో ఉండే పనిముట్టు గురించే చెబుతాను. దాన్ని ప్యాకేజీ మేనేజర్ అంటారు.

తమ్ముళ్లూ, మీకు ఒక సాఫ్ట్‌వేర్ కావాలంటే ఏం చేస్తారు? నెట్‌లో వెతుకుతారు. మొదట కనబడిన చోట డౌన్‌లోడ్ బటన్ నొక్కుతారు. లేదా స్నేహితుడి పెన్‌డ్రైవ్‌లోంచి "క్రాక్" చేసిన కాపీ తెచ్చుకుంటారు. అది ఎవరు తయారుచేశారు, మధ్యలో ఎవరైనా ఏమైనా కలిపారా అని అడిగేవాళ్లు తక్కువ. రోడ్డు మీద ఎవరో మందుబిళ్ల ఇస్తే మింగం కదా! మరి కంప్యూటర్‌కు మాత్రం ఎందుకు మింగిస్తున్నాం?

లినక్స్‌లో పద్ధతి వేరు. ఉదాహరణకు డెబియన్ అనే వ్యవస్థ తీసుకోండి. ఆకాశంలో గ్రహాలు, నక్షత్రాలు చూపించే స్టెల్లేరియం కావాలంటే "ఆప్ట్ ఇన్‌స్టాల్ స్టెల్లేరియం" అని ఒక్క ఆదేశం ఇస్తే చాలు. తెలుగు అక్షరాలు సరిగ్గా కనబడాలంటే లోహిత్ తెలుగు ఫాంటుకు కూడా ఇలాగే ఒక ప్యాకేజీ ఉంది. 2023లో వచ్చిన డెబియన్ 12లో ఇలాంటి ప్యాకేజీలు 64 వేలకు పైగా ఉన్నాయి. ఇవన్నీ ఒకే భాండాగారంలో, అంటే రిపాజిటరీలో, ఉంటాయి.

ఈ పనిలో కష్టం ఎక్కడుందో చెబుతాను. మనలో చాలామంది రైతు కుటుంబాల వాళ్లమే. మోటారు ఒక్కటే కొనుక్కొచ్చి బోరులో దింపితే నీళ్లు రావు. స్టార్టరు కావాలి, కేబులు కావాలి, దానికి సరిపోయే సైజు పైపు కావాలి. సాఫ్ట్‌వేర్ కూడా అంతే. ఒక ప్రోగ్రాం నడవాలంటే ఇంకో పది ప్రోగ్రాములు తోడు ఉండాలి. ఆ పదింటికి మరికొన్ని కావాలి. అవి కూడా సరైన వెర్షన్లో ఉండాలి. వీటినే డిపెండెన్సీలు అంటారు.

డెబియన్‌ను 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టాడు. అప్పటికి అతను అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థి. డీపీకేజీ అనే పనిముట్టు ప్యాకేజీని విప్పి ఎక్కడివక్కడ సర్దేది. కావలసినది లేకపోతే "ఫలానాది లేదు" అని చెప్పేది. దాన్ని వెతికి తెచ్చుకునే బాధ్యత మనదే. 1999లో డెబియన్ 2.1తో పాటు వచ్చిన ఆప్ట్ ఆ బాధ తీర్చింది. ఏది దేని మీద ఆధారపడిందో లెక్కగట్టి, అన్నిటినీ తనే తెచ్చి, వరుసలో పెడుతుంది. రెడ్ హ్యాట్ వైపు ఇదే పనికి ఆర్‌పీఎం, దాని మీద యమ్, ఆ తర్వాత డీఎన్ఎఫ్ వచ్చాయి. పేర్లు వేరైనా చేసే పని ఒకటే.

ఇక నమ్మకం సంగతి. ప్రతి ప్యాకేజీకి వేలిముద్ర లాంటి ఒక సంఖ్య ఉంటుంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మారిపోతుంది. ఆ సంఖ్యలన్నీ ఒక జాబితాలో ఉంటాయి. ఆ జాబితా వేలిముద్ర ఇంకో ఫైలులో ఉంటుంది. ఆ ఫైలు మీద డెబియన్ వారి డిజిటల్ సంతకం ఉంటుంది. మీ కంప్యూటర్ ముందు సంతకం చూసి, తర్వాత వేలిముద్రలు సరిపోల్చుకుంటుంది. దారిలో ఎవరైనా కల్తీ చేస్తే ఇన్‌స్టాల్ చేయడానికి ఒప్పుకోదు.

ఇంత కట్టుదిట్టంగా ఉన్నా ప్రమాదం రాదా? వచ్చింది. ఎక్స్‌జెడ్ అని ఫైళ్లను కుదించే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది. ప్రపంచమంతటా లెక్కలేనన్ని సర్వర్లలో ఉంటుంది. ఏళ్ల తరబడి దాని భారం దాదాపుగా ఒకే మనిషి మోశాడు. ఇది తను జీతం లేకుండా చేస్తున్న అభిరుచి పని అని 2022లోనే అందరికీ గుర్తుచేశాడు. అప్పటికే జియా టాన్ అనే పేరుతో ఎవరో సాయం చేస్తామని వచ్చారు. వేరే పేర్లతో కొందరు "పనులు ఆలస్యమవుతున్నాయి, ఇంకొకరికి అప్పగించు" అని ఒత్తిడి పెట్టారు. రెండేళ్లకు పైగా ఓపికగా మంచి పని చేసి నమ్మకం సంపాదించాక, 2024 ఫిబ్రవరిలో ఆ జియా టాన్ పేరుతోనే విడుదలైన వెర్షన్లో దొంగతలుపు పెట్టారు. సర్వర్లోకి తాళం లేకుండా దూరే దారి అది.

మార్చి నెలాఖరులో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు వేరే పరీక్షలేవో చేసుకుంటూ, సర్వర్లోకి లాగిన్ కావడానికి సుమారు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. ఎందుకో తేలేదాకా వదల్లేదు. మార్చి 29న లోకానికి చెప్పాడు. అప్పటికి అది డెబియన్ వాళ్ల పరీక్షా దశ వెర్షన్లలోకి వచ్చింది కానీ, అందరూ వాడే స్థిరమైన వెర్షన్లోకి రాలేదు. కొత్త ప్యాకేజీలను కొంతకాలం పరీక్షలో నిలబెట్టే పద్ధతి అక్కడ కాపాడింది.

ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, ఆ ప్యాకేజీ మీద సంతకం సరైనదే. ఎవరు ఇచ్చారో సంతకం చెబుతుంది. ఇచ్చినవాడి మనసులో ఏముందో చెప్పలేదు. దానికి ఇంకో మనిషి కన్ను కావాలి. ఒంటరిగా భారం మోసే మనిషి అలసిపోయిన చోటే గొలుసు తెగుతుంది.

ఈ మాట మన బడికీ వర్తిస్తుంది. మన కంప్యూటర్ గది ఒకే ఒక్క మాస్టారి శ్రద్ధ మీద నడిచింది. ఆయన బదిలీ అయ్యాక తలుపుకు తాళం పడింది. యంత్రాలు పాతవైనా పాడవలేదు. చూసేవాళ్లే లేకపోయారు. అందుకని సంఘం పెద్దల ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను.

ఒకటి: ఆ యంత్రాల్లో డెబియన్, దాని మీద తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వేద్దాం. లైసెన్సు ఖర్చు ఉండదు, క్రాక్‌ల అవసరం రాదు.

రెండు: మన ఊళ్లో నెట్ నెమ్మది. ఆప్ట్ క్యాషర్ ఎన్‌జీ అనే ప్రోగ్రాంను ఒక యంత్రంలో పెడితే, ఒకసారి దిగిన ప్యాకేజీని అది దాచి ఉంచుతుంది. ఇరవై కంప్యూటర్లున్నా నెట్ నుంచి ఒక్కసారే దిగుతుంది. మిగతా పంతొమ్మిదీ గదిలోంచే తీసుకుంటాయి.

మూడు, అన్నిటికన్నా ముఖ్యం: ఈ గది ఎప్పుడూ ఒక్కరి మీదే ఉండకూడదు. ఇద్దరు ఉపాధ్యాయులు, నలుగురు తొమ్మిదో తరగతి పిల్లలు, నెలకొకరు చొప్పున పూర్వ విద్యార్థులు వంతులు వేసుకోవాలి. చేసిన ప్రతి మార్పూ గదిలో ఒక నోటుబుక్కులో రాయాలి. పాస్‌వర్డు కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. మొదటి మూడు నెలల వంతు నేను తీసుకుంటాను. హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఇదే ఉద్యోగం చేస్తున్న మన బ్యాచ్‌ల వాళ్లు ఈ సభలోనే చాలామంది ఉన్నారు. బయటికి వెళ్లేముందు గుమ్మం దగ్గర బల్ల మీదున్న పుస్తకంలో పేరు, ఏ నెల వస్తారో రాసి వెళ్లండి.

చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, మీరూ ఆ అర సెకను తేడాను గమనించే మనుషులు కావాలి. దానికి తాళం తీసిన గది కావాలి. అది ఇవ్వడం మా బాధ్యత.