నిండిన పెట్టెకు ఉత్తరం చేరదు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి పెద్దలు వివరంగా మాట్లాడారు. నాకు అప్పగించిన విషయం మన ఈమెయిలు పెట్టె. చిన్న విషయంలా కనిపిస్తుంది గాని కాదు.

ఆదాయపు పన్ను శాఖ వారి నోటీసులు ఇప్పుడు ఎక్కువగా ఈమెయిలుకే వస్తున్నాయి. మన రిటర్నులో తేడా ఉందని 143(1)(ఎ) కింద సవరణ ప్రతిపాదిస్తే, జవాబుకు గడువు 30 రోజులు. పెట్టె నిండి ఉంటే ఆ ఉత్తరం మనకు చేరక, పంపినవారికే తిరిగిపోతుంది. గడువు మాత్రం ఆగదు.

మనలో చాలామంది వాడేది జీమెయిలు. 2004 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు అది ఇచ్చిన చోటు 1 గిగాబైటు. తర్వాత ఉచితపు చోటు 15 గిగాబైట్లకు పెరిగింది. అయితే అందులో మెయిలు ఒక్కటే కాదు, డ్రైవులో దాచిన కాగితాలు, 2021 జూన్ 1 నుంచి ఎక్కించిన ఫొటోలు, ఆండ్రాయిడ్ ఫోన్లలోని వాట్సాప్ బ్యాకప్ కూడా కలిసే ఉంటాయి. "నాకు వచ్చే మెయిళ్లెన్ని?" అనుకునేవారి పెట్టె కూడా మనవల వీడియోలతో నిండిపోవచ్చు.

దీనికి మందు మనకు తెలిసినదే. కలెక్టరేట్లలో పనిచేసినవారికి ఫైలు డిస్పోజల్ కొత్త కాదు. ఆర్.డిస్. శాశ్వతం, డి.డిస్. పదేళ్లు, ఎల్.డిస్. ఒక ఏడాది. మెయిళ్లనూ అలాగే విడదీయండి. పెన్షన్ మంజూరు ఉత్తర్వు, ఆస్తి కాగితాలు ఆర్.డిస్. వాటిని ముందుగా పెన్‌డ్రైవులోకి దింపి, ఒక ప్రతి అచ్చు తీసి బీరువాలో పెట్టండి. పన్ను రిటర్నులు, ఫారం 16లు కొన్నేళ్లు ఉండాలి. దుకాణాల ప్రకటనలు, పాత రైలు టిక్కెట్లకు ఏడాది కూడా అక్కరలేదు.

ఒక్కొక్క మెయిలూ తెరిచి చూడనక్కరలేదు. వెతికే గడిలో ఇంగ్లీషు అక్షరాలతో 'లార్జర్' అని, కోలన్ పెట్టి, ఖాళీ విడవకుండా '10ఎం' అని కొట్టండి. 10 మెగాబైట్లకు మించినవన్నీ వరుసగా వస్తాయి. అక్కరలేనివి తీసేయండి. తీసేసినవి చెత్తబుట్టలో 30 రోజులుంటాయి, అంతవరకూ చోటు ఆక్రమిస్తూనే ఉంటాయి. అందుచేత ఏదీ పొరపాటున పోలేదని చూసుకుని బుట్టను కూడా ఖాళీ చేయండి.

ఇక రెండవ సంగతి. అచ్చు తీయించడానికి మనం జిరాక్సు దుకాణానికి పంపిన ఆధార్, పాన్ ప్రతులు 'సెంట్' అరలో ఏళ్ల తరబడి పడి ఉంటాయి. ఎవరైనా మన పెట్టె తెరిస్తే మొదట దొరికేవి అవే. కనుక వాటిని తీసేయడం చోటు కోసమే కాదు, మన రక్షణ కోసం కూడా. ఇకముందు ఆధార్ ఇవ్వవలసినచోట మొదటి 8 అంకెలు కనపడని 'మాస్క్‌డ్ ఆధార్' సరిపోతుందేమో అడగండి. దుకాణం కంప్యూటరులో మెయిలు తెరిస్తే 'సైన్ అవుట్' చేయకుండా లేవకండి. చాలా ఖాతాల పాస్‌వర్డు మార్చే లంకె ఈమెయిలుకే వస్తుంది గనుక, మెయిలు పాస్‌వర్డు మరెక్కడా వాడకండి. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి.

"మీ పెట్టె నిండింది, వెంటనే ఇక్కడ నొక్కండి" అని బెదిరిస్తూ దొంగ ఉత్తరాలు కూడా వస్తాయి. అందులోని లంకె నొక్కకండి. నిండిందో లేదో మీ ఖాతాలోకి మీరే వెళ్లి చూసుకోండి. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫోన్ చేయండి.

సర్వీసులో ఉండగా మన బల్లమీది ఫైళ్లను ఇతరులు తిరగేస్తే ఊరుకున్నామా? ఈ పెట్టె కూడా మన బల్లే. పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు చూస్తారులే అని వాయిదా వేయక, ఈ నెలలోనే ఒక పూట దీనికి కేటాయించవలసిందిగా మనవి చేస్తున్నాను.