చికిత్స అయ్యాక వచ్చే ఆవిర్లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ఆరోగ్య ప్రసంగం)

 

గర్భసంచి క్యాన్సర్ ఆపరేషన్‌లో చాలాసార్లు అండాశయాలు కూడా తీసేస్తారు. అప్పటికింకా నెలసరి ఆగనివారికి, మెల్లగా రావలసిన మెనోపాజ్ ఒక్కసారిగా మీద పడుతుంది. వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్రలేమి, చిరాకు. "ప్రాణం దక్కింది, చాలదా?" అంటారు ఇంట్లోవాళ్లు. చాలదు. దక్కిన ప్రాణం సుఖంగా ఉండాలి కదా!

పలుచని నూలు బట్టలు, చల్లని గది, కాఫీ తగ్గించడం, రోజూ నడక కొంత మేలు చేస్తాయి. అన్నదమ్ములారా, రాత్రి ఆమె ఫ్యాను పెంచితే తగ్గించకండి! ఇవి చాలకపోతే వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ వంటి హార్మోన్ లేని మందులున్నాయి. డాక్టరు రాస్తేనే వాడాలి. హార్మోన్ మాత్రలు అందరికీ నిషిద్ధం కావు, అందరికీ క్షేమమూ కావు. క్యాన్సర్ రకం, దశ చూసి మీ క్యాన్సర్ డాక్టరే తేల్చాలి. మూలికల మాత్రలైనా అడక్కుండా మింగకండి. కొన్నిటికి ఈస్ట్రోజెన్ గుణం ఉంటుంది.

యోని పొడిబారి కలయిక బాధగా ఉంటే హార్మోన్ లేని జెల్‌లు, మాయిశ్చరైజర్లు ఉన్నాయి. రేడియేషన్ తీసుకున్నవారు డైలేటర్ గురించి అడగండి. ఎముకల కోసం డెక్సా పరీక్ష, క్యాల్షియం, విటమిన్ డి సంగతి కనుక్కోండి. మళ్లీ రక్తం కనిపిస్తే మాత్రం, ఒక్క చుక్కయినా సరే, వెంటనే చూపించుకోండి.

అర్థం కానిది చేయెత్తి అడగమని నేర్పిన బడి మనది. డాక్టరు దగ్గరా సిగ్గుపడకుండా అడగండి. సెలవు.