ఒక్క మూలము, వేయి సూచనలు



మన రంపచోడవరపు మన్యమునందు ముఠాలను రద్దుచేసి రైత్వారీ పద్ధతిని తెచ్చిన శాసనము 1969 నాటిది. రైత్వారీ లెక్కలలో చేని పటము కొలతల పుస్తకమున ఒక్కచోటనే యుండును. అడంగలులో సర్వే నంబరు వేయుదురు. ప్రతి కాగితమునను పటము గీసినచో కాగితములు చాలవు. రెండింటిని సరిపోల్చుటకు పొద్దును చాలదు.

నేను నేడు చెప్పదలచిన కంపైలరు సంగతియు నిట్టిదే. మనుష్యుడు వ్రాసిన ఆజ్ఞలను యంత్రభాషలోనికి మార్చు సాధనమే కంపైలరు. ఇది సంఖ్య, ఇది పేరు, ఇది సంఖ్యల వరుస యని అది ప్రతిదాని రకమును నిర్ణయించును. పేరును సంఖ్యతో కూడుమన్నచో తప్పు పట్టును. ఆ రకముల వర్ణనకు అడుగడుగున నకలు తీసినచో కంప్యూటరు మెమరీ వృథాగ నిండును. కావున 2015లో తొలి స్థిరరూపము పొందిన రస్టు భాషయొక్క కంపైలరు ప్రతి రకమును ఒక్కసారియే భద్రపరచి, తక్కినచోట్ల దాని చిరునామా నుంచును. నేటి యంత్రములలో చిరునామాకు సాధారణముగ 8 బైట్లు చాలును. క్రొత్త వర్ణన వచ్చినప్పుడు పట్టిక వెదకి, లేనిచో మాత్రమే చేర్చును. చిరునామా ఒకటైనచో రకమును ఒకటియే.

అయితే ఇందొక అపాయము గలదు. మూలమును దిద్దినచో దానిని నమ్మిన లెక్కలన్నియు మారును. అందుచే ఆ కంపైలరు మూలమును ముట్టదు. మార్పు వలసినచో వేరొక వర్ణన వ్రాయును.

మనకును ఇదియే పాఠము. కొలతల పుస్తకమున ఒక్క గీత తప్పినచో ప్రతి కాగితమునను రైతు చేను తప్పును. కావున పెద్దలారా, అడంగలు చూచి ఊరకుండక, మూలపటమును గూడ చూడుడు.