ఒకే బల్ల, రెండు వరుసలు
(శతవార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవము గడచిన మేళ్లను తలంచుకొని కృతజ్ఞత చెల్లించు సమయము. అయితే పండుగకు ముందు ఇల్లు ఊడ్చుకొనవలెను గదా! అందుచేత మన మధ్యనున్న చీలికలను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

చీలిక మనకొక్కరికే వచ్చినది కాదు. 1964లో కమ్యూనిస్టు పార్టీ రెండయినప్పుడు ఈ గోదావరి సీమలో నిన్నటివరకు ఒకే జెండా మోసినవారు ఎదురెదురుగా నిలిచిరి. కొల్లేటిలో ఐదవ కాంటూరా, మూడవ కాంటూరా అను వాదన 2006లో చేపల చెరువుల గట్లు తెగగొట్టిన తరువాత కూడ చల్లారలేదు. దగ్గరివారి తగవే లోతుగా కోయును.

మన సంగతి చూతము. మిషనరీలు ప్రాంతములు పంచుకొని పని చేసిరి. 1841లో మచిలీపట్నములో పని మొదలుపెట్టిన నోబుల్, ఫాక్సు దొరల మిషను ఒకవైపు, రాజమండ్రి లూథరన్ మిషను మరొకవైపు. కాబట్టి ఏలూరు ప్రక్క పుట్టినవాడు ఆంగ్లికన్, తాడేపల్లిగూడెము ప్రక్క పుట్టినవాడు లూథరన్ అగుట తరచు జరిగినది. వేదాంతమును బట్టి కాదు, ఊరి పొలిమేరను బట్టి!

ఈ గీతలను చూచి నొచ్చుకొన్నవారు అజరయ్య అయ్యగారు. 1912లో ఆంగ్లికన్ సంఘమునకు మొదటి భారతీయ బిషప్ అయిన ఆయన, 1919లో తరంగంబాడిలో ఐక్యతకై పిలుపునిచ్చినవారిలో ముఖ్యులు. చర్చలకు 28 సంవత్సరములు పట్టినవి. 1945 జనవరి 1న ఆయన కన్నుమూసిరి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడుట ఆయన చూడలేదు. లూథరన్ సహోదరులతో సంభాషణలు జరిగినవి గాని కలయిక కాలేదు.

అయితే మిషను గీతకంటె పాతగీత ఒకటున్నది. బాప్తిస్మములో పేరు మార్చుకొంటిమి, పేట మార్చుకొనలేదు. మాలపల్లెకు ఒక ప్రార్థన మందిరము, మాదిగపల్లెకు మరొకటి. మా సంఘములో ఒక పిల్ల అవతలి పల్లె కుర్రవానిని పెండ్లాడినప్పుడు పెద్దలు భోజనమునకు కూర్చుండలేదు. మేమును ఆ పెద్దలలో ఉంటిమి. ఒకే పాత్రలోనిది పుచ్చుకొన్న నోటితో ఆ ఇంటి అన్నము వద్దంటిమి. ఆ పిల్ల తరువాత మన గుడి గడప త్రొక్కలేదు. ఈ లెక్క మేము అప్పగించవలసియున్నది.

1994లో దండోరా ఉద్యమము లేచెను. వర్గీకరణ చట్టమును 2004లో సుప్రీంకోర్టు కొట్టివేసెను. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వర్గీకరణకు అనుమతి నిచ్చెను. ఎవరి వాటా ఎంతయో న్యాయస్థానములును శాసనసభలును తేల్చును. వెనుకబడినవాడు అడుగుట తప్పు కాదు. ఆ తగవు పేరుతో సంఘపు ఎన్నికలలో పల్లెను చూచి ఓటు వేయుటయే తప్పు.

కొరింథులో కలిగినవారు ముందుగా భుజించి లేనివారిని ఆకలితో నిలిపినందుకు పౌలు గద్దించెను. ఆ గద్దింపు మనకు కూడ చెల్లును.

తమ్మిలేరు, బుడమేరు వేర్వేరు దారుల వచ్చి కొల్లేటిలో కలియును. సముద్రమునకు పోవు దారి ఉప్పుటేరు ఒక్కటే. అది పూడినచో మునుగునది అందరి ఇండ్లును.

కనుక మా మనవి రెండే. రెండు పల్లెలకు ఒకే సమాధుల తోట ఉండనిండు. పెండ్లి విందులో ఒకే పంక్తి వేయుడు. ఆ పిల్ల ఇంటికి మొదట మేము పోయెదము. మీరును రండి.