కొనుటకు ముందు నీటిజాడ



మన భాషలో ‘కారు’ అను మాటకు రెండర్థములు కలవు. ఒకటి బండి, రెండవది చుక్కచుక్కగా జాఱుట. ఈ రెండవ అర్థము మొదటిదానికి పట్టినచో, కొన్నవాని సొమ్ము ఆ చుక్కల వెంటనే పోవును. ఒకరు వాడి విడిచిన స్పోర్ట్సు కారును కొనబోవువారు, దాని ఇంజనును చల్లబఱచు నీరు కారుచున్నదో లేదో ఎట్లు పరీక్షింపవలెనో నేడు మనవి చేయుదును.

‘పొలము చూచుకొను మాకు స్పోర్ట్సు కారుతో పనియేమి?’ అని మీరనవచ్చును. పని కలదు. మన గ్రామములనుండి చదువులకును, ఉద్యోగములకును అమెరికాకు, ఇంగ్లండునకు, జర్మనీకి పోయిన బిడ్డలు అనేకులు. అచ్చట క్రొత్తదైనపుడు ఎంతో వెల పలికిన స్పోర్ట్సు కారు, ఇరువది ఏండ్లు గడచిన పిదప, సామాన్యమైన క్రొత్త కారుకంటె తక్కువ వెలకు దొరకుచుండును. కుఱ్ఱవాడు ఆశపడి, ‘నాన్నగారూ, మంచి బేరము వచ్చినది, కొనమందురా?’ అని టెలిఫోనులో అడుగును. యంత్రము మీకు క్రొత్తదైనను పరీక్ష క్రొత్తది కాదు. సంతలో పాడిగేదెను అమ్మువాడు ముందటి పూట పాలు పిండక, పొదుగు నిండుగా చూపునని మీరెఱుగుదురు. అందుచే అనుభవజ్ఞుడు పొదుగు చూచి మోసపోక, రెండుపూటలు పిండించి చూచును. పాత కారును కూడ అట్లే చూడవలెను.

ఇంజనుకు నీరేల? పెట్రోలు మండగా పుట్టిన వేడిలో సుమారు మూడవ వంతు మాత్రమే చక్రములను త్రిప్పుటకు ఉపయోగపడును. దాదాపు అంతే భాగము పొగతో పోవును. తక్కిన దానిలో అధికభాగమును నీరు మోసికొని పోవలెను. మన తోటలలోని ఆయిలు ఇంజనులు పెక్కింటికి తాము తోడు నీరే చల్లదనము నిచ్చును. బావి యుండగా వానికి కొఱత లేదు. కారు తన నీటిని తానే మోయవలెను. 1888 ఆగష్టులో బెర్తా బెంజ్ అను జర్మను స్త్రీ తన భర్త నిర్మించిన మోటారు బండిలో, ఇద్దఱు కుమారులతో, మాన్‌హైమునుండి ఫోర్జ్‌హైమునకు ప్రయాణము చేసినది. ఆ బండిలో నీరు మరిగి ఆవిరియై పోవుచుండుటచే, త్రోవలో మాటిమాటికి నీరు వెదకి పోయవలసి వచ్చెను. ఆ చిక్కును తీర్చినవాడు విల్హెల్మ్ మైబాఖ్ అను శిల్పి. 1900లో అతడు మెర్సిడెస్ కారునకు తేనెపట్టువంటి రేడియేటరును కూర్చెను. అందు 8,070 సన్నని గొట్టములుండెను. వానిగుండ గాలి దూరిపోవుచు నీటిని చల్లార్చుటచే, కొద్దినీరే మరల మరల తిరిగి పనిచేయును.

నేటి కార్లలో వట్టి నీరు పోయరు. నీటిలో ఇంచుమించు సగము ఇథిలీన్ గ్లైకాలు అను ద్రవమును, తుప్పు పట్టకుండుటకు మందులను కలిపి, రంగు వేసి పోయుదురు. దీనినే కూలెంటు అందురు. ఇది శీతదేశములలో సున్నకు దిగువ సుమారు 35 డిగ్రీలవఱకు గడ్డకట్టదు. దాని తొట్టిమూత ఆవిరిని వెలుపలికి పోనీయక అదిమి యుంచును. గాలియొత్తిడికి మఱి అంత ఒత్తిడి చేరినచో, వట్టి నీరు కూడ 100 డిగ్రీలకు మాఱు సుమారు 120 డిగ్రీలవఱకు మరుగదు. కావున చిన్న పగులైనను రెండు కీడులను కలిగించును: ద్రవము తగ్గును, ఒత్తిడి నిలువదు. అప్పుడు నీరు ముందుగనే మరుగును. ఇంజను తల అల్యూమినియముతో చేయబడినదగుటచే వేడికి వంకరపోవును, లేదా పగులును. రబ్బరు గొట్టముతో పోవలసిన ఖర్చు ఇంజనువఱకు వచ్చును.

ఇక ఒక కారునే ఉదాహరణముగా తీసికొందము. జర్మనీలోని పోర్షె కంపెనీవారి 911 కారు ఇంజనులు 1998 వఱకు గాలిచే చల్లబఱుపబడెడివి. ఆ కంపెనీవారు 1996లో బాక్స్‌స్టర్ అను నీటి చల్లదనము గల కారును విక్రయింప మొదలిడిరి. దాని తొలితరము 2004 వఱకు వచ్చెను. ఇందు ఇంజను కూర్చొనువారి వెనుక నుండును. రేడియేటర్లు ముందు మొగమున కుడియెడమల నుండును. కావున నీరు బండి క్రిందుగా పొడవైన గొట్టములలో ముందునకు పోయి, మరల వెనుకకు రావలెను. త్రోవ యెంత దీర్ఘమో కారుటకు తావులన్ని యెక్కువ. మఱియు మూత యెత్తినంతనే ఇంజను కంటికి కనబడదు. అమ్మువాడు మూత యెత్తి మెఱుగు చూపినంతమాత్రాన తృప్తిపడరాదు.

మూడు చూపులు చూడవలెను: చల్లగా నున్నపుడు ఒకటి, వేడిగా నున్నపుడు ఒకటి, మరల చల్లాఱిన పిదప ఒకటి.

మొదటి చూపు. ‘మేము వచ్చువఱకు ఇంజను నడుపవలదు’ అని అమ్మువానికి ముందే చెప్పవలెను. చేరగానే బండి వెనుకభాగమును చేతితో తాకి చూడుడు. వెచ్చగా నున్నచో ఏల వెచ్చబఱచెనో అడుగుడు. బాక్స్‌స్టరులో కూలెంటు తొట్టి వెనుక సామానుపెట్టెలో నుండును. ద్రవము కనిష్ఠ, గరిష్ఠ గుఱుతుల నడుమ నుండవలెను. రంగు తేటగా నుండవలెను. తుప్పునీరు, జిడ్డు, నలుసులు కూడదు. ఆ పెట్టెలోని తివాచిని ఎత్తి తడిని చూడుడు. ఈ తొట్టి ఏండ్లు గడచిన కొలది పగులుట తఱచుగా జరుగు పని. ముందు మొగమున గాలి దూరు రంధ్రములలో దీపము వేసి చూడుడు. అచ్చట ఎండుటాకులు చేరి, తడిసి, క్రుళ్లి, రేడియేటర్లను తినివేయును. చల్లనివేళ నూనెమూతను తెఱచి క్రిందివైపు చూడుడు. మజ్జిగమీగడవలె తెల్లని నురుగు దట్టముగా నున్నచో నూనెలో నీరు కలిసినదని శంకింపవలెను. కొంచెము దూరమే తిరుగు బండ్లలో చెమటవలన కూడ పలుచని నురుగు పట్టుట కలదు. కాబట్టి దానినొక్కదానినే చూచి తీర్పు చెప్పరాదు. కూలెంటు తొట్టిలో కూడ నూనెజిడ్డు కనబడెనా, ఆ బేరము అచ్చటనే విడుచుట మేలు.

కారి ఎండిన కూలెంటు అతుకులచెంత తెల్లనిదో, ఆకుపచ్చదో, గులాబివన్నెదో పొరను విడుచును. చెఱువు తగ్గినపుడు గట్టున ఉప్పుచార నిలిచినట్లు, ద్రవము పోయినను జాడ పోదు. ఇంజను పట్టీతో తిరుగు నీటిపంపు దిగువను ఈ పొర కనబడినచో పంపునకు ఆయువు తీరవచ్చినదని గ్రహింపవలెను. ఇంజనును అప్పుడే కడిగి మెఱయించి యుంచినచో ఆ శుభ్రతయే ప్రశ్నకు తగినది.

రెండవ చూపు. బండిని అరగంటకు తక్కువ కాకుండ, కొంత నెమ్మదిగను కొంత వడిగను నడుపవలెను. వేడిని చూపు ముల్లు ఒక తావున కుదురుగా నిలువవలెను. పిదప నిలిపి, ఇంజను నడుచుచుండగనే ముందు పంకాలు తిరుగునో లేదో కనిపెట్టవలెను. చల్లని ఇంజను మొదట తెల్లని ఆవిరి విడుచుట సహజము. వేడెక్కిన పిదపను తియ్యని వాసనతో తెల్లని పొగ విడువకున్నచో నీరు లోపల మండుచున్నదన్నమాట. ఒకటి మఱువరాదు: చల్లగాలి యంత్రము నడిచిన బండిక్రింద తేటనీరు కారును. దానికి రంగు లేదు, వాసన లేదు, జిడ్డు లేదు. దానిని చూచి అమ్మువానిపై నింద మోపుట అన్యాయము.

మూడవ చూపు. బండిక్రింద తెల్లని అట్టలు పఱచి, ఇంజను పూర్తిగా చల్లాఱువఱకు ఉంచవలెను. రాత్రియంతయు ఉంచిన మఱియు మంచిది. ఆ పిదప అట్టలపై చుక్కలను, తొట్టిలో మట్టమును మరల చూడవలెను. పొదుగును రెండవపూట పిండించుట యనగా ఇదియే. వేడిలో మూసికొన్న చీలికలు చల్లాఱునపుడు తెఱచుకొనుట కలదు.

దీనికి తోడు ఒక మెకానికుచే రెండు పరీక్షలు చేయించవలెను. తొట్టిమూత స్థానమున చేతిపంపు బిగించి, మూతమీద వ్రాసియున్న ఒత్తిడివఱకు గాలి కొట్టి, ముల్లు దిగునో నిలుచునో పావుగంట చూచుట మొదటిది. తొట్టిలోని గాలిని నీలిద్రవముగుండ పోనిచ్చుట రెండవది. మండిన పెట్రోలు వాయువు అందున్నచో ఆ నీలిరంగు పసుపుగా మాఱును. కొనువారి పక్షమున బండిని చూచిపెట్టు పనివారు ఆ దేశములలో అనేకులు కలరు. వారి కూలి బండివెలలో అల్పభాగము. అమ్మువాడు ఈ పరీక్షలకు ఒప్పుకొననిచో ఆ నిరాకరణమే జవాబు.

కారుట ఆపుటకని తొట్టిలో పోయు మందులు కొన్ని కలవు. అవి పగులును కొంతకాలము కప్పిపుచ్చును గాని రేడియేటరులోని సన్నని గొట్టములను కూడ పూడ్చును. తొట్టిలో గోధుమవన్నె నలుసులు కనబడినచో వాని గుఱించి అడుగవలెను.

ప్రాణమునకు సంబంధించిన రెండు మాటలు. ఇంజను వేడిగా నుండగా తొట్టిమూతను ఎన్నడును తీయరాదు. ఒత్తిడి తొలగినంతనే ద్రవము సలసల మరుగుచు మొగముపైకి ఎగయును. రెండవది, కూలెంటు తియ్యగా నుండు విషము. నేలపై కారిన దానిని కుక్కలును పిల్లులును నాకి, మూత్రపిండములు చెడి మరణించుట కలదు. పసిబిడ్డలకును అంతే ప్రమాదము. కారిన దానిని తుడిచి కడుగవలెను. తీసిన దానిని కాలువలలో పోయరాదు.

ఇక తీర్పు. కారునది మూతయో, రబ్బరు గొట్టమో అయినచో అది బేరమునకు సంబంధించిన మాట. తొట్టి, పంపు, రేడియేటరు అయినచో, ఆ దేశములలో సామానుకంటె పనివాని కూలి భారమగుటచే, బాగుచేయు ఖర్చును కాగితముపై వ్రాయించి వెలలో తగ్గింపవలెను. నూనెయు నీరును కలిసినచో, మండిన వాయువు నీటిలో చేరినచో వెల యెంత తగ్గినను వలదనవలెను.

మీ కుమారుడు అడిగినపుడు ‘స్పోర్ట్సు కారు మనకేల?’ అని కసరినచో అతడు మీకు చెప్పకయే కొనవచ్చును. ‘చల్లగా చూచితివా? వేడిగా చూచితివా? మరల చల్లాఱిన పిదప చూచితివా?’ అని అడుగుడు. ఆ మూడు ప్రశ్నలకు జవాబు దొరకువఱకు బయానా ఇయ్యవలదని చెప్పుడు. కొనని బండివలన నష్టపడినవాడు లేడు.