గేర్‌బాక్స్ పోయిందన్నారా? ముందు స్పీడ్ సెన్సార్ చూడండి

ఆటోమేటిక్ కారులో వెళ్తున్నారు. సడెన్‌గా స్పీడోమీటర్ సున్నాకి పడిపోయింది, చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది, బండి ఒకే గేర్‌లో ఇరుక్కుపోయింది. షెడ్‌కి తీసుకెళ్తే "గేర్‌బాక్స్ పోయింది సార్, దింపాలి" అన్నారు. దింపితే బిల్లు ఎలా ఉంటుందో తెలుసు కదా! సరే అనేముందు ఒక చిన్న సెన్సార్ సంగతి తేల్చుకుందాం.

ఆటోమేటిక్‌లో గేర్ ఎప్పుడు మార్చాలో కంప్యూటర్ డిసైడ్ చేస్తుంది. దానికి ముఖ్యంగా రెండు తెలియాలి: యాక్సిలరేటర్ ఎంత తొక్కారు, బండి ఎంత స్పీడ్‌లో ఉంది. గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్ దగ్గరున్న సెన్సార్, పళ్ల చక్రం తిరుగుతుంటే ఒక్కో పన్నుకీ ఒక్కో పల్స్ పంపుతుంది. పల్స్ ఆగితే కంప్యూటర్‌కి కళ్లకు గంతలు కట్టినట్టే. రిస్క్ ఎందుకని ఒకే గేర్‌లో ఉండిపోతుంది. అదే లింప్ మోడ్. లోపల ఒక్క పన్ను కూడా విరగకుండానే ఇదంతా జరగొచ్చు. ఇన్‌పుట్ తప్పు వస్తోందని మా ఐటీ వాళ్లెవరూ ప్రోగ్రామ్ మొత్తం తిరగరాయరు కదా!

ఓబీడీ స్కానర్ పెడితే పీ0500, పీ0720, పీ0722 లాంటి కోడ్‌లు రావచ్చు. వెంటనే ఆన్‌లైన్‌లో సెన్సార్ ఆర్డర్ పెట్టేయకండి, ప్లీజ్. కోడ్ చెప్పేది ఆ సర్క్యూట్‌లో తేడా ఉందని మాత్రమే. వైరు, కనెక్టర్ కూడా అందులోవే.

ఫ్రెండ్‌ని డ్రైవ్ చేయమని, మీరు పక్కన కూర్చుని లైవ్ డేటాలో స్పీడ్ చూడండి. ఫోన్ జీపీఎస్‌తో పోల్చండి. కాస్త తేడా మామూలే. మధ్యలో ఒక్కసారి సున్నాకి పడి లేస్తోందా? అది పట్టుకోవాలి. గతుకుల్లోనే పడుతుంటే నా అనుమానం వైరింగ్ మీదే. ఇంకోటి, చాలా కొత్త కార్లలో స్పీడోమీటర్‌కి లెక్క ఏబీఎస్ వీల్ సెన్సార్ల నుంచి వస్తుంది. కాబట్టి ముల్లు బాగానే ఉందని గేర్‌బాక్స్ సెన్సార్‌కి క్లీన్ చిట్ ఇవ్వకండి. స్కానర్‌లో అవుట్‌పుట్ షాఫ్ట్ స్పీడ్ విడిగా చూడాలి. చవక బ్లూటూత్ స్కానర్లు చాలావరకు అది చూపించవు.

తర్వాత కనెక్టర్ విప్పండి. బురద, ఆయిల్, పచ్చగా పట్టిన పిన్నులు, ఎలుకలు కొరికిన వైర్లు. మన పార్కింగుల్లో ఎలుకల సంగతి చెప్పాలా!

ఇప్పుడు మల్టీమీటర్. రెండు వైర్లుంటే సాధారణంగా మాగ్నెటిక్ టైప్. సెన్సార్ రెండు పిన్నుల మధ్య ఓమ్స్ చూడండి. ఓపెన్ చూపిస్తే లోపల కాయిల్ తెగినట్టే. మూడు వైర్లుంటే చాలావరకు హాల్ టైప్, దానికి ఓమ్స్ టెస్ట్ పనికిరాదు. కీ ఆన్ చేసి సప్లై, గ్రౌండ్ వస్తున్నాయా చూడండి. సప్లై రాకపోతే, పాపం, సెన్సార్ తప్పేం లేదు.

చివరగా సెన్సార్ బయటికి తీసి కొన చూడండి. సన్నటి నల్లటి పేస్ట్ ఉంటే తుడిచి బిగించేయండి. లోహపు ముక్కలు అతుక్కుని ఉంటే మాత్రం షెడ్ అన్న చెప్పిందే కరెక్ట్ కావచ్చు. ఇక బండి నడపకండి, లోపల చూపించండి.